మేత భూమికి సున్నా విలువా?

ఎకరం వరి ఎన్ని బస్తాలు పండుతుందో వ్యవసాయ శాఖ చెబుతుంది. అదే ఎకరాన్ని ప్లాట్లు చేస్తే గజం ఎంత పలుకుతుందో రిజిస్ట్రేషన్ శాఖ చెబుతుంది. ఇంకో ఎకరం ఉంది. అందులో వరీ లేదు, ప్లాట్లూ లేవు. నెంద్రగడ్డి ఉంది, బలుసు పొదలున్నాయి, రేగుకంప ఉంది, నాలుగు తెల్లతుమ్మ చెట్లున్నాయి. తొలకరి నుంచి సంక్రాంతి దాకా ఊరి జీవాలు అక్కడే మేస్తాయి. దాని విలువెంత? ఈ ప్రశ్నకు రెవెన్యూ దస్త్రంలో దొరికే జవాబు రెండే మాటలు: ప్రభుత్వ బంజరు. ఆ రెండు మాటలు రాసి ఉన్నందువల్లే రెండు తెలుగు రాష్ట్రాల్లో మేత భూములు దశాబ్దాలుగా చేతులు మారుతున్నాయి. ఆ రాత తప్పు. దాని మీద ఆధారపడి తీసుకున్న నిర్ణయాలూ తప్పే. మేత భూమి మీద సహజంగా మొలిచిన గడ్డి, పొద, చెట్టు ప్రజల ఆస్తి. దానికి విలువ కట్టకుండా, దానిమీద బతికేవారి సమ్మతి తీసుకోకుండా ఒక్క ఎకరాన్ని కూడా వేరే పనికి మళ్ళించే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదని మేం స్పష్టంగా చెబుతున్నాం.

ఈ తప్పుకు పుట్టుక తెల్లదొరల శిస్తు పద్ధతిలో ఉంది. శిస్తు కట్టే భూమి భూమి, కట్టనిది వేస్టు. కాపరి ఆ నేల మీద తరాలుగా మంద మేపుకుంటున్నా, ఆ మంద పాలూ మాంసమూ ఎరువూ ఊరికి పెడుతున్నా, ఖజానాకు కాసు రాలేదు కాబట్టి ఆ నేల వృథా కిందే లెక్క. దొరలు పోయారు, లెక్క పోలేదు. 1985లో కేంద్రం నేషనల్ వేస్ట్‌లాండ్స్ డెవలప్‌మెంట్ బోర్డు పెట్టినప్పుడూ అదే మాట. 2019లో వేస్ట్‌లాండ్స్ అట్లాస్ అచ్చేసినప్పుడూ అదే మాట. ఆ అట్లాస్ దేశంలో 5.57 కోట్ల హెక్టార్లను, అంటే దాదాపు 17 శాతం నేలను, వృథా భూమిగా చూపింది. పొదలు పెరిగిన నేలలూ, పాడైన మేత భూములూ ఆ లెక్కలోనే ఉన్నాయి. పాడైన చెరువును బాగుచేసుకోవలసిన చెరువు అంటాం. పాడైన మేత భూమిని మాత్రం ఎవరికైనా ఇచ్చేయదగిన భూమి అంటున్నాం. 2022లో పరిశోధకులు దేశంలోని మెట్ట ప్రాంతాల గడ్డిభూములను, పొదల నేలలను, చెట్లు పలచగా ఉండే బయళ్ళను పటం గీసి చూస్తే అవి దేశ విస్తీర్ణంలో పదో వంతు దాకా తేలాయి. వాటిలో రక్షిత ప్రాంతాల పరిధిలో ఉన్నవి 5 శాతం కూడా లేవు.

తెలంగాణలో కంచ అన్నా, బంచరాయి అన్నా, గైరాన్ అన్నా మేతకు విడిచిన నేలే. 2025 వసంతంలో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం విద్యార్థులు రోడ్డెక్కారు. రాత్రీ పగలూ తిరిగిన బుల్డోజర్లను ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. జింకల గురించి, నెమళ్ళ గురించి, కొండరాళ్ళ గురించి దేశమంతా మాట్లాడింది. మాట్లాడటం మంచిదే. ఆ ఊరి పేరులోని మొదటి మాటకు అర్థమేమిటని మాత్రం ఎవరూ పెద్దగా అడగలేదు. నగరం పక్కన ఉంది కాబట్టి, విశ్వవిద్యాలయం ఉంది కాబట్టి, కెమెరాలున్నాయి కాబట్టి ఆ కంచకు గొంతు దొరికింది. మారుమూల మండలంలో యాభై ఎకరాల బంచరాయికి సర్వేయరు గొలుసు వేస్తే అక్కడ ఎదురుగా నిలబడేది గొంగడి కప్పుకున్న కాపరి ఒక్కడే.

లెక్క కావాలంటారు కాబట్టి లెక్కే వేద్దాం. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు 1 కోటి 90 లక్షల పైచిలుకు. దేశంలో మొదటి స్థానం. ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షలు. రెండో స్థానం. దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. పిల్లా పెద్దా కలిపి ఒక్కో జీవం రోజుకు సగటున ముప్పావు కిలో ఎండుమేత పాటి తింటుందనుకుంటే ఏడాదికి కోటి టన్నులవుతుంది. కిలో ఐదు రూపాయలు వేసుకున్నా 5,000 కోట్ల రూపాయల మేత. ఇందులో సగం కోసిన చేలలో, గట్ల మీద, బాటల పక్కన దొరికిందని తీసేద్దాం. మిగిలింది 2,500 కోట్లు. ఐదు ఎక్కువ, మూడే వేయండి అంటే 1,500 కోట్లు. మేకలను కలపలేదు. ఆవులను, గేదెలను కలపలేదు. ఇది మా అంచనా. రేటు మార్చండి, వాటా మార్చండి, ఎలా వేసినా సున్నా మాత్రం రాదు. ప్రభుత్వాల దగ్గర ఇంతకంటే మంచి లెక్క ఉంటే బయటపెట్టాలి. లేకపోతే లెక్క లేకుండానే భూములు ఇచ్చేశామని ఒప్పుకోవాలి.

ఈ మేతను సంతలో కొన్న పశుగ్రాసంతో సమానం చేయడం కూడా పొరపాటే. సహజంగా పెరిగిన బీడులో ఒక వరస ఉంది, దాన్ని కాపరులు ఎరుగుదురు. తొలివానలకు గరిక, ఆ తర్వాత ఎదిగే పొడుగు గడ్డి. పల్లపు నల్లరేగడిలో చెంగలిగడ్డి. ఒంగోలు పశువు పేరుకెక్కిన నెల్లూరు, ఒంగోలు సీమల్లో దానికున్న గౌరవం ఇప్పటికీ పెద్దరైతుల మాటల్లో వినిపిస్తుంది. సంక్రాంతి దాటాక పంట కోసిన చేలు. శివరాత్రికి చేలూ ఖాళీ, గడ్డీ పుల్ల. అసలు పరీక్ష అప్పుడు. ఆ మూడు నెలలూ మందను నిలబెట్టేది చెట్టూ పొదా. దోటితో వంచిన కొమ్మ, రాలిన తుమ్మకాయ, జమ్మికాయ, రేగాకు, బలుసాకు. తుమ్మకాయ రాలే కాలం, గడ్డి దొరకని కాలం ఒకటే కావడం కాపరికి ఎంత బలమో ఎండాకాలంలో దాణా కొని చూసినవాడికి తెలుస్తుంది. పొదలు కొట్టేసి ఒకే రకం గడ్డి వేసినా, గడ్డి తీసేసి ఒకే రకం చెట్టు వేసినా ఈ వరస తెగిపోతుంది. తెగిన చోట కాపరి జీవాలను అగ్గువకు అమ్ముకోవాలి, లేదా మందతో వలస పోవాలి. ఏటేటా చిగురించే మొండి గడ్డి వేరు వాన పడని సంవత్సరంలో కూడా నేలలోనే ఉంటుంది, ఒక్క వానకు లేస్తుంది. అనంతపురం వంటి జిల్లాలో వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఇంటిని నిలబెట్టింది ఎన్నోచోట్ల జీవాలే. పంట బీమా ప్రీమియానికి ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది. జీవాలనే ఈ బీమాకు ప్రీమియం కట్టేది బీడు. దానికి సబ్సిడీ మాట అటుంచి, పేరు కూడా లేదు.

ఎరువు సంగతి మరో లెక్క. చేలో మంద పెట్టించుకున్న రైతు కాపరికి డబ్బో, ధాన్యమో ఇస్తాడు. ఊరి బీడు గడ్డి రాత్రికి చేనుకు బలమై దిగుతోందన్నమాట. యూరియా బస్తాకు కేంద్రం ఎంత భరిస్తోందో బడ్జెట్ పద్దుల్లో ఉంది. మంద వేసిన ఎరువు ఏ పద్దులోనూ లేదు.

నీళ్ళ సంగతికి వస్తే కోపం ఆపుకోవడం కష్టం. మన చెరువులన్నిటికీ పైన ఒక పరీవాహక నేల ఉంటుంది. చాలా ఊళ్ళలో అది మేత బీడే. గడ్డి పట్టు ఉన్నంతకాలం వాన నీరు నెమ్మదిగా దిగుతుంది, మన్ను కదలదు. ఆ పట్టు పోతే మొదటి భారీ వానకే మన్నంతా చెరువులోకి చేరుతుంది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ తలపెట్టారు. పూడిక తీయడం మంచి పనే, మేం దాన్ని హర్షిస్తాం. కానీ కింద పూడిక తీయడానికి ప్రజాధనం పెట్టి, పైన మన్ను కదలకుండా పట్టుకున్న గడ్డిని గీకిపారేస్తే ఆ ధనం ఎన్ని వానలకు నిలుస్తుంది? చెరువులో ఒక ట్రాక్టరు మన్ను తీయడానికి అయ్యే ఖర్చు ఇంజనీర్లకు పైసలతో సహా తెలుసు. ఆ మన్నును రానివ్వకుండా ఆపిన గడ్డి పట్టుకు అదే రేటు వేసి చూడమని అడుగుతున్నాం.

అసలు ఎవరూ ఎప్పుడూ లెక్క వేయలేదా? వేశారు. ఆర్థికవేత్త ఎన్.ఎస్. జోధా 1980లలో ఏడు రాష్ట్రాల మెట్ట పల్లెల్లో తిరిగి ఉమ్మడి భూముల సంగతి రాశారు. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి. నిరుపేద కుటుంబాల ఆదాయంలో 14 నుంచి 23 శాతం ఉమ్మడి వనరుల నుంచే వస్తోందని ఆయన తేల్చారు. 1950ల నుంచి ఆ భూములు చాలాచోట్ల మూడో వంతుకు మించి తరిగిపోయాయనీ చూపారు. 1998లో నేషనల్ శాంపిల్ సర్వే దేశమంతటా ఇదే సంగతి ఆరా తీసింది. గ్రామీణ కుటుంబాల్లో 48 శాతం ఉమ్మడి భూముల నుంచి ఏదో ఒకటి తెచ్చుకుంటున్నాయని, ఒక్కో ఇల్లు తెచ్చుకునేదాని విలువ సగటున ఏడాదికి 693 రూపాయలని తేల్చింది. ఆ 693ను పట్టుకుని ఉమ్మడి భూమి విలువ ఇంతేనా అని పెదవి విరిచే పెద్దలున్నారు. అది ప్రధానంగా మోపు కట్టి ఇంటికి తెచ్చుకున్నదాని విలువ. జీవం నిలబడి మేసిన గడ్డి మోపు కాదు. నేలలో ఇంకిన నీరు మోపు కాదు. తూకం వేయగలిగినదాన్ని తూచి, వేయలేనిదాన్ని సున్నా అనుకోవడం ఎక్కడి న్యాయం?

ఇంకో పోలిక చూడండి. అడవిగా నమోదైన భూమిని గనికో రోడ్డుకో ఇస్తే దాని నికర వర్తమాన విలువ కట్టించుకోవాలి. 2008లో సుప్రీంకోర్టు ఆమోదించిన రేట్లు హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల దాకా ఉన్నాయి. 2022లో కేంద్రం వాటిని ఇంకా పెంచింది. ఆ లెక్కలో లోపాలున్నాయి, అడవి నరకడానికి అది టికెట్టుగా మారిందన్న విమర్శలో నిజముంది. అయినా ఒక ధర ఉంది, చెల్లించేవాడు ఆలోచించాల్సిన అవసరం ఉంది. అటవీ సరిహద్దు రాయికి ఇవతల, అదే నేల మీద, అదే రేగు, అదే బలుసు రెవెన్యూ పరిధిలో ఉంటే దానికి అలాంటి ధర లేదు. మధ్యలో మారింది రాయి ఒక్కటే. నేల అదే, గడ్డి అదే.

పైగా కొన్నిసార్లు పచ్చదనం పేరుతోనే గడ్డిని చంపుతున్నాం. గడ్డిభూమిలో గుంటలు తవ్వి జామాయిల్ నాటడం అడవి పెంచడం కాదు, ఒక జీవవ్యవస్థను తీసి ఇంకోదాన్ని పెట్టడం. సర్కారు తుమ్మ కథ మనకు తెలియనిదేమీ కాదు. 1870ల చివర్లో జమైకా విత్తనంతో ఆ చెట్టును దేశంలోనే మొదట నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. కట్టెపుల్లల కరవు తీర్చడానికి వచ్చింది, నూట యాభై ఏళ్ళకు చెరువు గర్భాలూ బీళ్ళూ కమ్మేసింది. దాని కాయ జీవాలు తింటాయి, పేడలో గింజ వేస్తాయి, గింజ మొలిచి ముళ్ళకంప అవుతుంది, ఆ నీడన గడ్డి లేవదు. ఆకును జీవాలు పెద్దగా ముట్టవు. గుజరాత్‌లోని బన్ని మైదానంలో 1960లలో అటవీ శాఖే దాన్ని నాటించింది. ఒకప్పుడు ఆసియాలోనే పేరున్న ఆ గడ్డిభూమిలో సగానికి పైగా ఇప్పుడు అదే. అక్కడి గేదెల పాడి మీద బతికే మాల్ధారీలు ఎంత నష్టపోయారో ఆర్థిక అధ్యయనాలు చూపుతున్నాయి. కంప తీసి గడ్డిని రానిస్తేనే ఊళ్ళకు ఆదాయం ఎక్కువని ఆ లెక్కలు చెబుతున్నాయి. అయితే ఒకమాట. ఆ కంప కొట్టి, బొగ్గు కాల్చి పూట గడుపుకునే పేదలు మన దగ్గరా ఉన్నారు. వారి బతుకు ఆలోచించకుండా ఒక్క ఉదయాన జేసీబీలు దింపితే అదీ అన్యాయమే. వారికే కూలి ఇచ్చి, వారి చేతే విడతలు విడతలుగా తీయించాలి.

గొర్రెల పంపిణీ పథకం ఈ మొత్తం అజ్ఞానానికి ప్రభుత్వం వేసుకున్న ముద్ర. 2017లో తెలంగాణ ప్రభుత్వం 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి యూనిట్‌కు 1.25 లక్షల రూపాయలు లెక్కగట్టి, 75 శాతం సబ్సిడీతో ఇచ్చింది. గొల్ల కురుమలకు ఆస్తి ఇవ్వాలన్న తలంపును తప్పుపట్టలేం. కానీ గొర్రెకు ధర కట్టినవారు గడ్డికి ధర కట్టలేదు. లక్షల జీవాలు ఊళ్ళలో దిగాయి. మేత భూమి ఎకరం పెరగలేదు, ఉన్నది తరుగుతూనే ఉంది. నోరు పెంచి కంచం లాగేశాం. ఆపై మేత భూములు పాడైపోయాయి కాబట్టి వాటిని కాపాడి లాభం లేదన్న వాదన! మంద మితిమీరితే గడ్డి మొదలంటా పోతుందన్నది నిజమే. కాపరులు కూడా ఈ మాట ఎదుర్కోవాలి. వానాకాలంలో గడ్డి విత్తు కట్టేదాకా బీడులో కొంత భాగాన్ని మూసి ఉంచే కట్టుబాటు ఊళ్ళలో ఉండేది. దాన్ని తిరిగి తెచ్చుకునే బాధ్యత సంఘాలది. కానీ ఏ క్షణాన లాక్కుంటారో తెలియని నేలను మూసి కాపాడమని ఎవరిని అడగగలం?

అవతలి వాదనను పక్కన పెట్టడం మా ఉద్దేశం కాదు. సౌర విద్యుత్ కావాలి. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల పార్కుకు 5,900 ఎకరాలకు పైగా పట్టింది. అంటే మెగావాటుకు ఆరెకరాల దాకా. వేల మెగావాట్ల లక్ష్యాలు పెట్టుకున్న ప్రభుత్వాల కన్ను ఎక్కడ పడుతుందో ఊహించవచ్చు. ఎకరానికి వచ్చే రూపాయల్లో సౌర ఫలకం గడ్డిని చాలాచోట్ల మించుతుందనీ ఒప్పుకుంటాం. అయితే ఆ రూపాయలు ఎవరికి? అనంతపురానికి ఆనుకుని, తెలుగు వినిపించే పావగడలో 2,050 మెగావాట్ల పార్కుకు 13,000 ఎకరాలు తీసుకుని, భూయజమానులకు ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల కౌలు కట్టారు. భూమి ఉన్నవాడికి అది మంచి బేరం. ఆ నేల మీద మంద మేపుకున్న భూమి లేని కాపరికి కౌలు లేదు, పరిహారం లేదు, కంచె అవతల నిలబడే చోటు మిగిలింది. మొత్తం మీద లాభం ఎక్కువ అని చెప్పే లెక్క, పోగొట్టుకున్నవాడిని లెక్కలోకే తీసుకోకపోతే దాన్ని లెక్క అనకూడదు. ఇళ్ళ కప్పులున్నాయి, కాలువ గట్లున్నాయి, యజమాని ఇష్టపడి కౌలుకిచ్చే పట్టా భూములున్నాయి. ఊరుమ్మడి బీడు ముందు వరసలో ఎందుకు ఉండాలి? అడిగేవాడు లేడు కాబట్టి. వేరే కారణం లేదు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2004లో చట్టం మార్చి, మేత భూముల్లో మిగిలిన సహజ వనాన్ని పెద్దఎత్తున నరకడాన్ని 2006 చివరికల్లా ఆపాలని నిర్ణయించినప్పుడు నష్టపోయే పశుపోషకులకు, రైతులకు 15 కోట్ల డాలర్ల ప్యాకేజీ ప్రకటించింది. ఆ చట్టం మీద అక్కడ ఇప్పటికీ తగవు నడుస్తూనే ఉంది. అయినా అక్కడ పశుపోషకుడి చేతిలో కాగితం ఉంది, కాబట్టి ప్రభుత్వం అతనితో బేరం ఆడింది. మన కాపరి చేతిలో కర్ర ఉంది. అందుకే మన దగ్గర బేరమే జరగలేదు.

పేద దళితులకు, భూమిలేనివారికి ఇచ్చిన అసైన్డ్ పట్టాలను ఈ వాదనతో ముడిపెట్టేవారిని ముందే హెచ్చరిస్తున్నాం. ఎకరం రెండెకరాలు పొంది చెమటోడ్చిన కుటుంబం ఈ కథలో దోషి కాదు. వందల ఎకరాలు ఒక్క జీవోతో కట్టబెట్టినవారూ, రాత్రికి రాత్రి ఆక్రమించి క్రమబద్ధీకరణ కోసం కాచుకున్నవారూ దోషులు. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పథకాలు తయారుచేయమని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఆ ఆదేశం ఎన్ని ఊళ్ళ గడప దాటిందో కలెక్టర్లు చెప్పాలి.

డబ్బుతో కొలవలేని నష్టం సంగతి ఒక్కమాటలో చెప్పి వదిలేస్తాం. బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్ళపాడు అభయారణ్యం ఏర్పరిచారు. చుట్టూ ఉన్న బీళ్ళు సాగులోకి వెళ్ళాయి. అభయారణ్యం మిగిలింది, పిట్ట మిగల్లేదు.

ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ పచ్చికభూముల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. సభలు పెట్టి శాలువాలు కప్పుకోవడానికి ఆ ఏడాదిని వాడుకుంటే అది అవమానం. రెండు ప్రభుత్వాలూ ఈ ఏడాదిలోనే మేత పోరంబోకు, కంచ, గైరాన్, బంచరాయిగా పాత రికార్డుల్లో ఉన్న ప్రతి సర్వే నంబరునూ గ్రామసభ ముందు చదివి వినిపించాలి. ఏది ఎవరి పేర, ఏ జీవోతో మారిందో ఊరికి తెలియాలి. మిగిలిన భూమిని బంజరు పద్దు నుంచి తీసి మేత భూమిగా నమోదు చేయాలి, మేపుకునేవారి సంఘం పేరు అదే పుటలో రాయాలి. సర్కారు తుమ్మ తొలగింపు, స్థానిక గడ్డి విత్తనాల సేకరణ, చెలకల పక్క బీళ్ళలో తుమ్మ, జమ్మి మొక్కల రక్షణ గ్రామీణ ఉపాధి పనుల్లో చేరాలి. ఏ ప్రాజెక్టు అయినా మేత భూమి అడిగితే మేత, ఎరువు, నీరు, మన్ను నాలుగింటికీ విలువ కట్టి, ఆ పత్రాన్ని పంచాయతీ గోడకు అంటించి, ఆ తర్వాతే ఊరి సమ్మతి అడగాలి. ఆ సభలో కాపరి కుటుంబాలు లేకపోతే సభ చెల్లదని నిబంధన ఉండాలి. అప్పటిదాకా మేత భూముల బదలాయింపు ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడ ఆగాలి, సంతకానికి సిద్ధంగా కలెక్టరు బల్ల మీదికి చేరినవి కూడా.